నాన్నకు ఒక ఓటు, నాకు రెండు: ఇది న్యాయమేనా?

ప్రశ్న: నమస్తే అండీ. మాది ఖమ్మం జిల్లా వైరా దగ్గర ఒక పల్లె. 2019లో డిగ్రీ పూర్తయింది, ఇప్పుడు మీసేవ కేంద్రంలో పనిచేస్తున్నాను. 2024లో మా పట్టభద్రుల ఎమ్మెల్సీ (శాసనమండలి సభ్యుడి) సీటుకు ఉప ఎన్నిక వచ్చినప్పుడు తొలిసారి ఆ ఓటు వేశాను. నచ్చిన అభ్యర్థి పేరు ఎదురుగా టిక్ పెట్టి వచ్చాను. అలా వేస్తే చెల్లదని తర్వాత స్నేహితురాలు చెప్పింది. ఇంటికొచ్చి ఆ మాట చెబితే నాన్న వేరే ప్రశ్న వేశారు. ఆయన పదో తరగతి దాకా చదివి వ్యవసాయం చేస్తున్నారు. "ఎమ్మెల్యేకి ఇద్దరం ఓటేస్తాం, బాగానే ఉంది. నీకు ఇంకో ఓటు ఎందుకు? డిగ్రీ లేనోడికి తెలివి ఉండదా?" అన్నారు. నేను జవాబు చెప్పలేకపోయాను. అసలు మండలిలోకి ఎవరెవరు, ఎలా వస్తారు? ఎమ్మెల్సీ వల్ల ఉపయోగం ఏంటి? నా ఓటు మళ్లీ నమోదు చేసుకోవాలా? తమ్ముడు 2024లో బీటెక్ పాసయ్యాడు, వాడికి కూడా ఈ ఓటు వస్తుందా?

సమాధానం: మీ నాన్నగారు అడిగింది సరైన ప్రశ్న. దాన్ని పక్కన పెట్టి, ఓటు ఎలా వేయాలో మాత్రం చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. అందుకే ముందు ఆయన ఓటు సంగతి చూద్దాం. ఆయన వేసే ఒక్క ఓటు ఎంత దూరం వెళ్తుందో తెలిస్తే, మీ రెండో ఓటు ఎంత చిన్నదో కూడా మీకే అర్థమవుతుంది.

తెలంగాణలో చట్టాలు చేసే సభలు రెండు: శాసనసభ, శాసనమండలి. దేశంలో మండలి ఉన్న రాష్ట్రాలు ఆరే. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర, బిహార్, ఉత్తరప్రదేశ్. మిగతా రాష్ట్రాలన్నీ ఒక్క శాసనసభతోనే నడుస్తున్నాయి.

శాసనసభ లెక్క అందరికీ తెలిసిందే. రాష్ట్రాన్ని 119 నియోజకవర్గాలుగా విడగొట్టారు, ఒక్కోదాని నుంచి ఒక్కో ఎమ్మెల్యే. పద్దెనిమిదేళ్లు నిండి జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరికీ ఒక ఓటు. పక్కవాళ్లకంటే ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా గెలిచినట్టే. పోలైన వాటిలో సగం దాటాలన్న నియమం లేదు. దీనివల్ల ఓట్లలో కొద్దిపాటి తేడా సీట్లలో చాలా పెద్దదైపోతుంది. 2023 ఎన్నికల్లో కాంగ్రెస్‌కు 39.40 శాతం, బీఆర్ఎస్‌కు 37.35 శాతం ఓట్లు వచ్చాయి. తేడా రెండు శాతం చిల్లర. సీట్లు మాత్రం 64, 39. పక్క రాష్ట్రంలో 2024లో వైసీపీకి వందకు 39 ఓట్లు పడ్డాయి, 175 సీట్లలో 11 దక్కాయి. ఈ పద్ధతిలో మంచి కూడా ఉంది. ఎవరు గెలిచారో తేలిగ్గా తేలుతుంది, మన ఎమ్మెల్యే ఫలానా అని వేలు పెట్టి చూపించవచ్చు. కానీ సభలో పార్టీల బలం చూసి, జనం కూడా అదే లెక్కన చీలి ఉన్నారని అనుకోకూడదు.

119లో 19 సీట్లు ఎస్సీలకు, 12 ఎస్టీలకు రిజర్వు చేసినవి. మీ ఉమ్మడి ఖమ్మం జిల్లా ఇందులో ప్రత్యేకం. పది సీట్లలో జనరల్ మూడే: ఖమ్మం, పాలేరు, కొత్తగూడెం. మధిర, సత్తుపల్లి ఎస్సీలకు, మీ వైరాతో పాటు ఇల్లెందు, పినపాక, అశ్వారావుపేట, భద్రాచలం ఎస్టీలకు. రిజర్వు సీటంటే పోటీ చేసే మనిషి ఆ వర్గానికి చెందాలన్న షరతే తప్ప, ఓటు వేసేది అక్కడున్న అన్ని కులాల వాళ్లూ. ఇది చాలామంది తికమకపడే చోటు. మహిళలకు మూడో వంతు సీట్లు ఇవ్వాలని 2023లో 106వ రాజ్యాంగ సవరణ చేశారు గానీ, అందులో రాసుకున్న ప్రకారం ముందు జనగణన, ఆ తర్వాత నియోజకవర్గాల పునర్విభజన జరగాలి. అదైనా లోక్‌సభకు, శాసనసభలకే. మండలికి వర్తించదు.

ఒక్క విషయం మీ నాన్నగారికి తప్పకుండా చెప్పండి. మనిషికి ఒక ఓటు అన్నాం కదా, ఆ ఓట్ల బరువు శాసనసభలో కూడా సమానంగా లేదు. ఇప్పటి నియోజకవర్గాల హద్దులు 2001 జనాభా లెక్కల మీద గీసి 2008లో ఖరారు చేసినవి. ఈలోగా హైదరాబాద్ చుట్టూ జనం నిండిపోయారు. 2023 నాటికి శేరిలింగంపల్లిలో ఓటర్లు ఏడు లక్షలు దాటారు. భద్రాచలంలో లక్షన్నర లోపే. ఇద్దరు ఎమ్మెల్యేలకూ సభలో ఉండేది చెరో ఓటే. ఆ లెక్కన భద్రాచలం ఓటరు చేతిలో ఉన్న బలం శేరిలింగంపల్లి ఓటరు కంటే నాలుగు రెట్లు పైనే. ఏజెన్సీ ప్రాంతానికి ఆ బలం అవసరమే అని నేను అనుకుంటాను, కానీ లెక్క లెక్కే.

ఇక మండలికి వద్దాం. రాజ్యాంగం 171వ అధికరణం ప్రకారం మండలి సభ్యుల సంఖ్య శాసనసభలో మూడో వంతు దాటకూడదు, నలభైకి తగ్గకూడదు. తెలంగాణ మండలికి సరిగ్గా 40 సీట్లు. ఆంధ్రప్రదేశ్‌లో 58. మన 40 మంది ఐదు దారుల్లో వస్తారు. 14 మందిని స్థానిక సంస్థల సభ్యులు ఎన్నుకుంటారు. ఇంకో 14 మందిని ఎమ్మెల్యేలు ఎన్నుకుంటారు. పట్టభద్రులు ముగ్గురిని, ఉపాధ్యాయులు ముగ్గురిని. మిగిలిన ఆరుగురు గవర్నర్ కోటా. సాహిత్యం, విజ్ఞానం, కళలు, సహకార ఉద్యమం, సమాజసేవ, వీటిలో అనుభవం ఉన్నవాళ్లను నామినేట్ చేయాలని రాజ్యాంగం చెబుతుంది. పేర్లు పంపేది మాత్రం మంత్రివర్గం.

ఇప్పుడు మీ నాన్నగారి ఓటును ఈ ఐదు దారుల్లో వెతకండి. ఆయన మీ ఊళ్లో ఎంపీటీసీకి ఓటేస్తారు, మండలానికి జడ్పీటీసీని ఎన్నుకుంటారు. వీళ్లూ, మున్సిపాలిటీల్లో కౌన్సిలర్లు, కార్పొరేషన్లలో కార్పొరేటర్లూ కలిసే స్థానిక సంస్థల ఎమ్మెల్సీని గెలిపిస్తారు. ఉమ్మడి ఖమ్మానికి అలాంటి సీటు ఒకటి ఉంది. సర్పంచులకు మాత్రం ఇందులో ఓటు లేదు. మాకూ ఇవ్వండి అని వాళ్లు అడుగుతూనే ఉన్నారు. ఆయన ఓటుతో గెలిచిన ఎమ్మెల్యే, మిగతా ఎమ్మెల్యేలతో కలిసి ఇంకో 14 మందిని పంపిస్తారు. గవర్నర్ కోటా పేర్లు సిఫార్సు చేసే మంత్రివర్గం నిలబడేది కూడా ఎమ్మెల్యేల మెజారిటీ మీదే. అంటే 40లో 34 సీట్ల వెనుక, ఒక మెట్టు కిందో రెండు మెట్ల కిందో, మీ నాన్నగారి ఓటు ఉంది. ఆయన ఓటు అసలు తాకనివి ఆరు సీట్లే. మీ రెండో ఓటు ఆ ఆరింటిలో ఒక్కదానికే పనిచేస్తుంది. అది కూడా ఉమ్మడి వరంగల్, ఖమ్మం, నల్గొండ మూడు జిల్లాల పట్టభద్రులందరితో కలిసి.

అంత మాత్రాన ఆయన ప్రశ్న తీరిపోయిందని నేను అనను. తాకే సీట్లు ఎన్ని అన్నది ఒక సంగతి, ఒకరికి ఎక్కువ ఓటు ఎందుకన్నది ఇంకో సంగతి. రాజ్యాంగం రాసుకున్న రోజుల్లో చదువుకున్నవాళ్లు బాగా తక్కువ. 1951 లెక్కల్లో దేశంలో అక్షరాస్యత 18 శాతం. చట్టాల్ని ఇంకోసారి చూసే సభలో చదువుకున్నవాళ్ల గొంతు, పాఠాలు చెప్పేవాళ్ల గొంతు కొంచెం ఉండాలని అప్పటి పెద్దలు భావించారు. బ్రిటిష్ కాలంలోనే మద్రాసు శాసనమండలిలో యూనివర్సిటీకి ఒక సీటు ఉండేది, కాబట్టి ఇది కొత్త ఆలోచనేమీ కాదు. కానీ ఈ రోజు ఊరికి పదిమంది డిగ్రీ చదివినవాళ్లున్నారు. శాసనసభలోనే పట్టభద్రులు నిండా ఉన్నారు. నా మటుకు నాకు, కౌలు రైతులకో, ఉపాధి కూలీలకో లేని ప్రత్యేక ఓటు పట్టభద్రులకు ఉండాలనడానికి ఇవాళ గట్టి కారణం కనిపించదు. "నాన్నా, నువ్వన్నది నిజమే" అని మీరు ఒప్పుకోవడంలో తప్పేమీ లేదు.

ఇంకో మాట తెలిస్తే ఆయనకు కొంచెం ఊరట కలుగుతుందేమో. పట్టభద్రుల సీటుకు పోటీ చేయడానికి డిగ్రీ అక్కర్లేదు! ముప్పై ఏళ్లు నిండి, రాష్ట్రంలో ఎక్కడైనా ఓటరుగా ఉంటే చాలు. 1972లో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చి చెప్పింది. ఓటు వేసేవాళ్లకు డిగ్రీ ఉండాలని రాజ్యాంగంలో ఉంది గానీ, నిలబడేవాళ్లకు ఉండాలని లేదు. మీ నాన్నగారు ఆ సీటుకు ఓటు వేయలేరు గానీ, కావాలంటే నామినేషన్ వేయగలరు.

సూత్రం సంగతి అలా ఉన్నా, సీటు ఉన్నంతకాలం ఓటు వదిలేయడం మాత్రం సరికాదు. మీరు వేయకపోతే ఆ సీటు రద్దు కాదు, ఇంకెవరో నింపుతారు. ఈ ఎన్నికల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. శాసనసభ అభ్యర్థి ఖర్చుకు పరిమితి ఉంది, మన రాష్ట్రంలో 40 లక్షలు. మండలి ఎన్నికలకు ఆ పరిమితే లేదు. డబ్బు పారే అవకాశం ఉన్న చోట, చదివి ఆలోచించి వేసే ఓట్లు తగ్గితే నష్టపోయేది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

ఎమ్మెల్సీ వల్ల ఉపయోగం ఏంటని అడిగారు. అధికారం తక్కువే, అది దాచాల్సిన పని లేదు. బడ్జెట్ లాంటి ద్రవ్య బిల్లును మండలి 14 రోజులకు మించి ఆపలేదు. మామూలు బిల్లును మొదటిసారి మూడు నెలలు, శాసనసభ మళ్లీ ఆమోదించి పంపితే ఇంకో నెల ఆపగలదు. ఆ తర్వాత మండలి ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా బిల్లు నెగ్గినట్టే. పార్లమెంటులోలాగా ఉభయ సభల సంయుక్త సమావేశం రాష్ట్రాల్లో ఉండదు. ప్రభుత్వాన్ని పడగొట్టే అవిశ్వాస తీర్మానం శాసనసభ చేతిలోనే. రాష్ట్రపతి ఎన్నికలో, రాజ్యసభ ఎన్నికలో ఎమ్మెల్సీలకు ఓటు లేదు.

అయినా ఆ నాలుగు నెలల ఆలస్యం ఒక్కోసారి ఎంత పెద్దదవుతుందో 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్ చూసింది. శాసనసభలో 151 మంది ఉన్న వైసీపీ ప్రభుత్వం మూడు రాజధానుల బిల్లులు ఆమోదించి మండలికి పంపింది. మండలిలో అప్పటికి టీడీపీ బలం ఎక్కువ. ఛైర్మన్ ఆ బిల్లుల్ని వివరంగా పరిశీలించే సభ్యుల బృందానికి, అంటే సెలెక్ట్ కమిటీకి, పంపుతున్నట్టు ప్రకటించారు. కొద్ది రోజుల్లోనే, జనవరి 27న, మండలినే రద్దు చేయాలని శాసనసభ తీర్మానం చేసింది. అలాంటి తీర్మానం పార్లమెంటుకు వెళ్లి చట్టమైతేనే అమలవుతుంది. అది కాలేదు. 2021 నవంబరులో అదే శాసనసభ ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. అప్పటికి మండలిలో అధికార పార్టీ బలం పెరిగింది. మళ్లీ 2024లో ప్రభుత్వం మారేసరికి కథ తిరగబడింది. శాసనసభలో 11 మందే మిగిలిన వైసీపీకి అప్పటికి మండలిలో మెజారిటీ అలాగే ఉంది.

ఇలా ఎందుకవుతుందంటే, శాసనసభలాగా మండలి సభ్యులందరి గడువూ ఒకేసారి ముగియదు. ఎమ్మెల్సీ పదవీకాలం ఆరేళ్లు. రెండేళ్లకోసారి మూడో వంతు మంది దిగిపోతారు, కొత్తవాళ్లు వస్తారు. అందుకే జనం ఇచ్చిన తీర్పు శాసనసభలో ఒక్క రోజులో కనిపిస్తే, మండలిలో కనిపించడానికి ఏళ్లు పడుతుంది. దీన్ని అడ్డంకి అనేవాళ్లున్నారు, తొందరపాటుకు కళ్లెం అనేవాళ్లున్నారు. ఎవరు ఏమంటారన్నది చాలాసార్లు ఆ రోజు వాళ్లు ఏ సభలో బలంగా ఉన్నారన్నదాని మీదే ఉంటుంది. ఉమ్మడి రాష్ట్రంలో మండలి చరిత్ర కూడా అంతే. 1958లో మొదలైంది, ఎన్టీ రామారావు హయాంలో 1985లో రద్దయింది, వైఎస్ రాజశేఖరరెడ్డి హయాంలో 2007లో తిరిగి వచ్చింది. 2009లో రోశయ్య ముఖ్యమంత్రి అయినప్పుడు ఆయన ఎమ్మెల్సీయే.

ఎమ్మెల్యేలు ఎమ్మెల్సీలను ఎన్నుకునే పద్ధతి కాస్త వివరంగా చెప్పాలి. మీ బ్యాలెట్ పేపరు మీద ఉన్నది కూడా అదే పద్ధతి కాబట్టి. ఇక్కడ సీట్లన్నింటికీ కలిపి ఒకటే ఓటింగ్. ఓటు వేసేవాళ్లు తమకు నచ్చిన వరుసలో అభ్యర్థులకు 1, 2, 3 అని అంకెలు వేస్తారు, 1 అంటే మొదటి ప్రాధాన్యం. ఒక్కో ఓటు విలువను వందగా తీసుకుంటారు. మొత్తం విలువను, నింపాల్సిన సీట్లకు ఒకటి కలిపి వచ్చిన సంఖ్యతో భాగించి, దానికి ఇంకో ఒకటి కలిపితే వచ్చేది కోటా. 119 మంది ఓటేసి ఐదు సీట్లు నింపాలంటే 11,900ను ఆరుతో భాగించాలి, 1983 వస్తుంది, ఒకటి కలిపితే 1984. అంటే ఇరవై మంది ఎమ్మెల్యేలు మొదటి ప్రాధాన్యం ఇస్తే ఒక సీటు ఖాయం. 2025 మార్చిలో ఐదు సీట్లు ఖాళీ అయితే ఎన్నిక దాకా పోకుండానే అయిదుగురు ఏకగ్రీవమయ్యారు. కాంగ్రెస్‌కు మూడు, దాని మిత్రపక్షం సీపీఐకి ఒకటి, బీఆర్ఎస్‌కు ఒకటి. ఎవరి బలం ఎంతో ముందే తెలుసు కాబట్టి పోటీకి పని లేకపోయింది. బలం తెలిసినా లెక్క తప్పిన సందర్భమూ ఉంది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లో ఏడు సీట్లూ తమవే అనుకున్న అధికార పార్టీకి ఆరే వచ్చాయి. టీడీపీ అభ్యర్థి పంచుమర్తి అనురాధ 23 ఓట్లతో గెలిచారు. క్రాస్ ఓటింగ్ చేశారంటూ, అంటే సొంత పార్టీని కాదని అవతలివాళ్లకు ఓటేశారంటూ, వైసీపీ నలుగురు ఎమ్మెల్యేలను సస్పెండ్ చేసింది. ఈ పద్ధతిలో చిన్న పక్షానికి కూడా దాని బలానికి తగ్గ వాటా దక్కుతుంది, ఎమ్మెల్యే ఎన్నికల్లోలాగా ఓడినవాళ్ల ఓట్లన్నీ గాలికి పోవు. నాకు ఈ పద్ధతిలో నచ్చేది అదే.

ఇక మీ ఓటు. మీ సీటులో గెలిచేది ఒక్కరే కాబట్టి కోటా లెక్క తేలిక: చెల్లిన ఓట్లలో సగం, దానిపైన ఒకటి. 2024 మే 27న మీరు వేసిన ఎన్నికలో 52 మంది పోటీలో ఉన్నారు. చెల్లిన ఓట్లు మూడు లక్షల పదివేల చిల్లర, కోటా లక్షా 55 వేల పైన. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరూ ఆ గీత దాటలేదు. అప్పుడు ఏం చేస్తారంటే, అందరికంటే తక్కువ వచ్చిన అభ్యర్థిని పోటీ నుంచి తప్పిస్తారు. ఆయన కట్టలోని ప్రతి పేపరు తీసి రెండో అంకె ఎవరి ఎదుట ఉందో చూసి, ఆ ఓటు వాళ్లకు చేరుస్తారు. తర్వాత ఆ పై అభ్యర్థి, ఆ తర్వాత ఇంకొకరు. ఒక్కొక్కరినే తప్పిస్తూ పోవాలి. అందుకే జూన్ 5న మొదలైన లెక్కింపు 7వ తేదీ రాత్రికి గానీ తేలలేదు. చివరికి తీన్మార్ మల్లన్న గెలిచారు. ఆ ఎన్నికలో చెల్లకుండా పోయిన ఓట్లు ఇరవై వేలు దాటాయి. అందరూ డిగ్రీ చదివినవాళ్లే! మీ టిక్ కూడా వాటిలోనే కలిసిపోయి ఉంటుంది. మీరొక్కరే తెలియక చేశారని బాధపడొద్దు. ఏళ్ల తరబడి ఈవీఎం మీద మీట నొక్కడం అలవాటైన చేతికి ఒక్కసారిగా పేపరు ఇస్తే తడబాటు సహజం. దీని మీద ముందుగా గట్టిగా ప్రచారం చేయాల్సిన బాధ్యత అధికారులదీ, ఓట్లు అడగడానికి వచ్చే పార్టీలదీ.

ఈసారి బూత్‌లోకి వెళ్లాక ఇలా చేయండి. పేపరు మీద పార్టీల గుర్తులు ఉండవు, అభ్యర్థుల పేర్లు, ఫొటోలు ఉంటాయి. అభ్యర్థులు ఎక్కువైతే పేపరు దినపత్రిక అంత ఉంటుంది. కంగారు పడకుండా మీ అభ్యర్థి పేరు ముందు వెతుక్కోండి. సిబ్బంది ఊదారంగు స్కెచ్ పెన్ ఇస్తారు, దానితోనే రాయాలి. మీ బ్యాగులోని పెన్నుతో రాస్తే ఓటు పోతుంది. మీకు అందరికంటే నచ్చినవాళ్ల ఎదుట గడిలో 1 వేయండి. ఈ ఒక్క అంకె తప్పనిసరి, ఇది లేకపోతే మిగతావన్నీ వేసినా లాభం లేదు. తర్వాత నచ్చినవాళ్లకు 2, ఆ తర్వాత 3, ఇలా ఎంతమందికైనా ఇవ్వొచ్చు, ఇవ్వకపోయినా పర్లేదు. అంకె తెలుగులో వేసినా, రోమన్‌లో వేసినా చెల్లుతుంది. "ఒకటి" అని అక్షరాల్లో రాస్తే చెల్లదు. టిక్, ఇంటూ గుర్తు, సంతకం, వేలిముద్ర, పేరు, ఏదీ వద్దు. 1 ఇద్దరికి వేయకూడదు, ఒకరి గడిలోనే 1తో పాటు ఇంకో అంకె వేయకూడదు. 2 పొరపాటున ఇద్దరికి పడితే మాత్రం మొత్తం ఓటు పోదు, మీ 1 లెక్కలోకి వస్తుంది, అక్కడితో ఆగిపోతుంది.

రెండో ప్రాధాన్యం ఇస్తే మొదటి అభ్యర్థికి నష్టమని కొందరు ప్రచారం చేస్తుంటారు. అది నిజం కాదు. మీ మొదటి అభ్యర్థి పోటీలో ఉన్నంతసేపు మీ 2 వైపు ఎవరూ చూడరు. ఆయన తప్పుకున్నాకే అది తెరుచుకుంటుంది. 2 వేయకపోతే, ఆయనతో పాటే మీ పేపరు కూడా లెక్కింపు నుంచి పక్కకు వెళ్తుంది. 2024లో అలా మధ్యలోనే ఆగిపోయిన పేపర్లు వేలల్లో ఉన్నాయి. గెలుపును తేల్చింది రెండో ప్రాధాన్య ఓట్లే అయినప్పుడు వాటిని ఖాళీగా వదిలేయడం ఎందుకు? కనీసం ముగ్గురికైనా అంకెలు వేయమని నా సలహా.

నమోదు సంగతి చెప్పి ముగిస్తాను, ఇందులో గడువులు ఉన్నాయి కాబట్టి జాగ్రత్తగా చదవండి. అవును, మళ్లీ నమోదు చేసుకోవాలి. పట్టభద్రుల జాబితా మామూలు ఓటర్ల జాబితాలాంటిది కాదు, ఒకసారి పేరెక్కితే ఎప్పటికీ ఉండదు. ఎన్నిక వచ్చిన ప్రతిసారీ కొత్తగా తయారు చేస్తారు. 2024లో మీ పేరు ఉన్నా దానికీ దీనికీ సంబంధం లేదు. మీ సీటు అసలు 2021 మార్చిలో నింపినది, ఉప ఎన్నికలో గెలిచినవాళ్లు ఆ మిగిలిన కాలానికే ఉంటారు. కాబట్టి గడువు 2027 మార్చిలో ముగుస్తుంది. ఆ లెక్కన 2026 నవంబరు 1 అర్హత తేదీగా జాబితా తయారవ్వాలి. మామూలుగా అక్టోబరు 1 ప్రాంతంలో ప్రకటన వస్తుంది, నవంబరు మొదటి వారం దాకా దరఖాస్తులు తీసుకుంటారు. మీరు నింపాల్సింది ఫారం 18. డిగ్రీ సర్టిఫికెట్ నకలు, చిరునామా రుజువు జత చేయాలి. ఉపాధ్యాయులది ఫారం 19, అది మీకు అక్కర్లేదు. చదువు ఎక్కడ చదివారన్నది చూడరు, ఇప్పుడు ఎక్కడ నివసిస్తున్నారన్నదే ముఖ్యం. రాజకీయ పార్టీవాళ్లు కట్టలు కట్టి తెచ్చే దరఖాస్తులు తీసుకోరు, కాబట్టి ఎవరో వచ్చి "మేం కట్టేస్తాం, సంతకం పెట్టండి" అంటే వాళ్ల మీద వదిలేయొద్దు. మీసేవలో పనిచేస్తున్నారు కదా, మీ దగ్గరికి వచ్చే డిగ్రీ పిల్లలకు కూడా ఈ తేదీలు చెప్పండి.

మీ నాన్నగారి విషయంలో ఇంకో గడువు కూడా గమనించాలి. ఎంపీటీసీ, జడ్పీటీసీల పదవీకాలం 2024 జులైలో ముగిసింది. స్థానిక సంస్థల ఎమ్మెల్సీ ఎన్నిక పెట్టాలంటే ఆ నియోజకవర్గంలోని స్థానిక సంస్థల్లో నాలుగింట మూడు వంతులు పనిచేస్తూ ఉండాలి, సభ్యుల్లోనూ నాలుగింట మూడు వంతుల మంది పదవుల్లో ఉండాలి. అంటే పల్లెల్లో ఎన్నికలు వాయిదా పడితే ఆ దెబ్బ మండలి దాకా తగులుతుంది, ఆయన ఓటు నడిచే ఒక దారి మూసుకుపోతుంది. మీ రెండో ఓటు గురించి ఆయన ఎంత గట్టిగా అడిగారో, పరిషత్ ఎన్నికలు ఎప్పుడూ గడువు దాటకుండా పెట్టాలని కూడా అంతే గట్టిగా అడిగితే బాగుంటుంది.

తమ్ముడికి ఈసారికి రాదు. అర్హత తేదీ నాటికి డిగ్రీ వచ్చి మూడేళ్లు నిండాలి. ఆ మూడేళ్లను ఫలితాలు ప్రకటించిన రోజు నుంచి లెక్కిస్తారు. 2024లో పాసయ్యాడు కాబట్టి 2027 నాటికి గానీ నిండవు. ఆ తర్వాత ఈ సీటుకు మధ్యలో ఉప ఎన్నిక ఏదైనా వస్తే ఆ జాబితాలో చేరవచ్చు, లేకపోతే 2033 దాకా ఆగాలి. ఉద్యోగం కోసం హైదరాబాద్ వెళ్లి అక్కడే స్థిరపడితే మాత్రం అతని నమోదు మహబూబ్‌నగర్-రంగారెడ్డి-హైదరాబాద్ పట్టభద్రుల సీటులో ఉంటుంది, దానికి కూడా అదే ఫారం 18.